కూర్చోమన్న మాట

నవనీత గోడకుర్చీ వేసి ఇవాళ్టికి మూడు రోజులు. ఇంకా లేవలేదు.

సోమవారం రెండో పీరియడ్‌లో వేసింది. వీపు గోడకు ఆనించి, మోకాళ్ళు వంచి, కింద ఏమీ లేకపోయినా కుర్చీ ఉన్నట్టే కూర్చోవాలి. తెలుగునాట బడికి వెళ్ళి ఈ శిక్ష తప్పించుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళది చదువు కిందికి రాదు. మామూలుగా రెండు నిమిషాలకు తొడలు వణుకుతాయి. నాలుగు నిమిషాలకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఐదో నిమిషంలో "తప్పయింది మేడం" అన్న మాట దానంతటదే బయటికొస్తుంది. నవనీత మాత్రం సోమవారం మధ్యాహ్నం అక్కడే అన్నం తిన్నది. మంగళవారం అక్కడే కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. సాయంత్రం బెల్లు కొట్టాక వాచ్‌మన్ యాదగిరి ఆమె చుట్టూ ఊడ్చి గదికి తాళం వేసుకుంటాడు. పొద్దున్నే తాళం తీసేసరికి రెండు జడలు వేసుకుని, రిబ్బన్లు కట్టుకుని, అక్కడే ఉంటుంది.

ఇవాళ వాళ్ళమ్మ గిన్నెలో పప్పన్నం పట్టుకొచ్చింది. బిడ్డను కిందికీ పైకీ చూసింది. "ఇంట్ల కన్న ఈడనే నయంగున్నది" అని గిన్నె అక్కడ పెట్టి పనికి వెళ్ళిపోయింది.

ఇది నగరంలో ఫ్లైఓవర్ పక్కనున్న సర్కారు ఆడపిల్లల బడి. తొమ్మిదో తరగతి బి సెక్షన్. క్లాసు టీచరు హైమావతి, లెక్కలు చెప్తుంది. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క పిల్ల మీదా చెయ్యి ఎత్తలేదు. ఈ మాట అడిగినవాళ్ళకూ చెప్తుంది, అడగనివాళ్ళకూ చెప్తుంది. అయితే కొట్టని టీచరుకైనా ఏదో ఒకటి కావాలి కదా, యాభై ఎనిమిది మంది ఒక్కసారి నోరు తెరిస్తే పైకప్పు లేచిపోతుంది. అందుకని ఆమె స్టాఫ్ రూముకి వెళ్ళేటప్పుడు లీడరు వినూత్న చేతికి సుద్దముక్క ఇచ్చి వెళ్తుంది. మాట్లాడినవాళ్ళ పేర్లు వినూత్న బోర్డు మీద రాస్తుంది. పేరు పడితే గోడకుర్చీ. బెత్తం లేదు, తిట్టు లేదు. ఎంత శుభ్రమైన పద్ధతో అని హైమావతికి లోలోపల కొంచెం గర్వం కూడా ఉంది.

నవనీత పేరు ఆ బోర్డు మీద రోజూ ఉంటుంది. పాఠం మధ్యలో లేచి తిరుగుతుంది. కిటికీలోంచి ఎదురు మిద్దె మీద బట్టలారేసే ఆవిడతో కబుర్లు పెట్టుకుంటుంది. ముందు పిల్ల జడ తీసుకెళ్ళి కిటికీ ఊచకు కడుతుంది. ఏమైనా అంటే ఎదురు చెప్తుంది, అదీ మెత్తగా కాదు. సోమవారం తన పేరు రాస్తుంటే వెళ్ళి వినూత్న చెయ్యి కొరికింది.

ఇది ఆమెకు మూడో బడి. మొదటి బడి ఇచ్చిన టీసీలో ప్రవర్తన అన్న గడిలో 'పరవాలేదు' అని ఉంది. రెండో దాంట్లో 'బాగాలేదు' అని ఉంది. మూడో టీసీలో కూడా అదే పడితే ఈ నగరంలో ఇంకే బడీ ఆమెకు గేటు తీయదు. ఆ సంగతి నవనీతకు తెలుసు, హైమావతికి తెలుసు. హెడ్మాస్టరు దశరథం సార్‌కు మరీ బాగా తెలుసు. రెండు నెలలుగా ఆయన టీసీ పుస్తకం బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నారు.

బుధవారం మూడో పీరియడ్ అయ్యాక హైమావతి నవనీత దగ్గరికి వెళ్తుంది. వంగి, పిల్ల కింద చెయ్యి పెట్టి చూస్తుంది.

చేతికి చెక్క తగులుతుంది.

నున్నటి చెక్క, వాడి వాడి అంచులు అరిగింది. పక్కకు జరిపితే చేతులు ఆనించుకునే పట్టీ. ఇంకా కిందికి వెళ్తే కాళ్ళు, నాలుగూ ఉన్నాయి. వెనక కాలు ఒకటి కాస్త పొట్టిగా ఉంటే దాని కింద కాగితం మడిచి పెట్టి ఉంది. కళ్ళకు మాత్రం గోడా, పిల్లా తప్ప ఇంకేమీ కనబడదు. కంటికి కనబడనంత మాత్రాన లేదనడానికి హైమావతి లెక్కల టీచరు కాకుండా ఉండాలి. సున్నాను పంతొమ్మిదేళ్ళుగా ఉన్నదనే చెప్తోంది ఆమె.

"ఈ కుర్చీ ఎక్కడిది?" అని అడుగుతుంది.

"మీదే మేడం."

"నాదా?"

"మీరే కద కూసోమన్నరు. ఇంతకుముందటి బడిల బైటికి పో అన్నరు. నిలవడు అన్నరు. బెంచి ఎక్కు అన్నరు. కూసో అని ఒక్కలు గూడ అనలే. మీరన్నరు, కూసున్న."

"అది శిక్ష నవనీతా. అక్కడ కుర్చీ ఉండదు."

"కుర్చీ లేకుంట ఎవరన్న కూసోమంటరా మేడం?"

హైమావతి తరగతి వైపు తిరిగి చూస్తుంది. పన్నెండు బెంచీలు. బెంచీకి ముగ్గురు చొప్పున ముప్పై ఆరుగురు. మిగిలిన ఇరవై రెండు మంది నాలుగో మనిషిగానో ఐదో మనిషిగానో అంచున వేలాడుతుంటారు. నవనీతది మూడో బెంచీ చివర. సగం పిల్లే బెంచీ మీద ఉండేది, లోపలున్నవాళ్ళు మోచేత్తో ఒక్క నెట్టు నెడితే ఆ సగం కూడా ఉండేది కాదు. బెంచీ మీద చోటు లేని సగం ఏం చేస్తుంది? లేచి తిరుగుతుంది. జూన్ నుంచీ ఇది తన కళ్ళ ముందే ఉందని హైమావతికి ఇప్పుడు తడుతుంది. సిగ్గేస్తుంది.

"నేనుండగా నిన్నిక్కణ్ణుంచి ఎవరూ లేపరు" అంటుంది.

"ఒట్టా?"

"ఒట్టు."

"గట్ల కాదు. నా నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పున్రి."

హైమావతి పిల్ల తల మీద చెయ్యి పెట్టి చెప్తుంది. నూనె రాసిన పాపిట వెచ్చగా ఉంటుంది. నవనీత ఆ రోజు సాయంత్రం లోపల పదకొండు లెక్కలు చేసి చూపిస్తుంది. అందులో తొమ్మిది సరైనవి.

గురువారం పొద్దున షమీమ్ వచ్చి బల్ల పక్కన నిలబడుతుంది. ఎప్పుడూ తల ఎత్తని పిల్ల.

"మేడం, నా పేరు గూడ రాయించున్రి."

"నువ్వేం చేశావు?"

"ఇంక ఏం చేయలే. ఏం చేస్తే రాస్తరు?"

హైమావతి ఆలోచిస్తుంది. అల్లరి చేయనిదే పేరు రాయడం అన్యాయం, అల్లరి చేయమని టీచరు చెప్పడం అంతకన్నా అన్యాయం. "నీకు తోచింది ఏదైనా చిన్నది చెయ్యి" అంటుంది చివరికి. షమీమ్ వెళ్ళి పక్క పిల్ల లహరిక రబ్బరు తీసుకుని, శుభ్రంగా తుడిచి, మళ్ళీ ఆమెకే ఇచ్చి వస్తుంది. వినూత్న పేరు రాస్తుంది. హైమావతి "పోయి గోడ దగ్గర కూచో" అంటుంది. షమీమ్ కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. కూర్చున్నాక మెల్లగా ఒక కన్ను తెరిచి, వెనక్కి వాలి చూసుకుని, నవ్వుతుంది.

ఆ తర్వాత వరస కడతారు. ఒకతి పెన్సిల్ కింద పడేసి క్షమాపణ చెప్తుంది. ఒకతి ఆవలిస్తుంది. చందన ఏడో ఎక్కం కావాలని తప్పు చెప్పి, పాపం, మళ్ళీ సరిగ్గా చెప్పకుండా ఉండలేకపోతుంది. శుక్రవారం మధ్యాహ్నానికి మూడు గోడల వెంట ఇరవై రెండు మంది కూర్చున్నారు. బెంచీకి ముగ్గురే మిగిలారు. యాభై ఎనిమిది మందీ కూర్చున్నారు. హాజరు పట్టీతో తరగతి లెక్క సరిపోవడం హైమావతి సర్వీసులో ఇదే మొదటిసారి.

గది నిశ్శబ్దంగా ఉంది. సుద్దముక్క బోర్డు మీద కదిలే చప్పుడు తనకు ఇంతకుముందు ఎప్పుడూ వినపడలేదని ఆమెకు తెలుస్తుంది. ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోకపోతే తిన్నదరగదు.

చెప్పుకోవడానికి మార్గరెట్ ఉంది. ఎనిమిదో తరగతి ఎ సెక్షన్ టీచరు, సాంఘికం చెప్తుంది. పదకొండేళ్ళుగా మధ్యాహ్నం ఇద్దరిదీ ఒకే బల్ల. మార్గరెట్ తెచ్చే కూరలో సగం హైమావతిది, హైమావతి తెచ్చే పచ్చడిలో సగం మార్గరెట్‌ది. స్టాఫ్ రూములో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు, ఒక్క మార్గరెట్ నోట్లో తప్ప. హైమావతి ఎప్పుడో చేయించుకున్న ఆపరేషన్ సంగతి పదకొండేళ్ళలో పొక్కనివ్వని మనిషి ఆవిడ.

శుక్రవారం భోజనాలయ్యాక హైమావతి అంతా చెప్తుంది. మార్గరెట్ నమ్మదు. గోడ దగ్గరికి వెళ్ళి, వీపు ఆనించి కూర్చోబోయి, దబ్బున కింద పడుతుంది.

"ఏదీ నీ కుర్చీ?" అంటుంది నడుం పట్టుకుని.

"నేను చెప్పకముందే కూచుంటే ఎట్లా? లేచి నిలబడు. ఆ, ఇప్పుడు కూచో మార్గరెట్."

మార్గరెట్ కూర్చుంటుంది. మెల్లగా కాళ్ళు చాపుకుంటుంది. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా అవస్థ పడుతున్న మనిషి. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి హైమావతి మొహం తిప్పుకుంటుంది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందే హైమా. ఎవరికీ చెప్పలేదు కదా?"

"నీకే."

"ఇంకెవరికీ చెప్పకు. నేనైతే చెప్పను, నా పిల్లల మీద ఒట్టు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. హైమావతి తను నానబోసినట్టు కూడా అనుకోలేదు. పచ్చడి సీసా మూత పెట్టి క్లాసుకి వెళ్ళిపోయింది.

సోమవారం మొదటి పీరియడ్‌లో యాదగిరి వచ్చి, హెడ్మాస్టరు గదికి రమ్మంటున్నారని చెప్తాడు.

ఆ గదిలో ఉన్నవి మూడు కుర్చీలు. ఒకదానిలో దశరథం సార్ ఉన్నారు. ఇంకోదానిలో పెద్దాఫీసు నుంచి వచ్చిన తనిఖీ అధికారి ఉన్నారు, ఒళ్ళో కొలిచే టేపు. మూడోదాంట్లో ఫైళ్ళు. మార్గరెట్ కిటికీ పక్కన, గోడకు ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంది. కింద ఏమీ లేదు.

హైమావతి ముందు ఆ ఏమీ లేనిదాన్నే చూస్తుంది. ఆ తర్వాత మార్గరెట్ మొహం చూస్తుంది. తను వేసిన కుర్చీలో కూర్చునే మార్గరెట్ వీళ్ళకు అంతా చెప్పింది. లేచి నిలబడైనా చెప్పలేదు.

"మంచికే చెప్పాను హైమా" అంటుంది మార్గరెట్. "పిల్లలు పడితే దెబ్బలు తగుల్తాయని భయమేసింది." గొంతు తగ్గించి, అసలు మాట అంటుంది. "మా ఎనిమిది ఎ పిల్లలంతా మీ గోడ కావాలంటున్నారు. నా మాట ఒక్కతీ వినడం లేదు. నేను కూచోమంటే పడిపోతున్నారే."

పదకొండేళ్ళ కూరల రుచి హైమావతి నోట్లో చేదుగా తిరుగుతుంది.

తనిఖీ అధికారి మర్యాదస్తుడు. గొంతు పెంచరు. "పొద్దున బెల్లుకు ముందే మీ క్లాసు చూశానమ్మా. టేపు పెట్టి కొలిచాను. ఇరవై రెండు కుర్చీలు, ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. ఒకదాని కాలు పొట్టి. అంతవరకూ బాగానే ఉంది. ఇవి కుర్చీలా, శిక్షా?"

"రెండూ సార్."

"రెండూ రాయడానికి కాలమ్ లేదు. కుర్చీలైతే శిక్ష కాదు, అలాంటప్పుడు స్టాకు రిజిస్టరులో లేని సామాను బడిలోకి ఎలా వచ్చింది? శిక్ష అయితే కుర్చీలు లేవు, అలాంటప్పుడు ఇరవై రెండు మందిని రోజుల తరబడి గోడకుర్చీ వేయించారు. శారీరక దండన. ఉద్యోగం ఉండదు."

"వాళ్ళు హాయిగా ఉన్నారు సార్. అడగండి."

"హాయికి కూడా కాలమ్ లేదమ్మా."

దశరథం సార్ గొంతు సవరించుకుంటారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది, అంతే. చెడ్డతనం చెయ్యాల్సిన పని సగం ఈ నాలుగు నెలలే చేస్తాయి. ఆయన ఒక కాగితం ముందుకు జరుపుతారు. అప్పటికే టైపు చేయించి ఉంది.

'నవనీత అను విద్యార్థిని తన దుష్ప్రవర్తన చేత తోటి విద్యార్థినులను ప్రేరేపించి తరగతి క్రమశిక్షణను భంగపరచినది. నేను ఎవరినీ, ఎన్నడూ, కూర్చోమని చెప్పియుండలేదు.'

కింద సంతకానికి చోటు. కాగితం పక్కన టీసీ పుస్తకం తెరిచి ఉంది, ప్రవర్తన గడి ఒక్కటే ఖాళీ.

"ఈ ఒక్క సంతకం వెట్టున్రి హైమావతీ. మీ కొలువు ఉంటది, నా పెన్షన్ ఉంటది. పిల్ల రేపు ఇంకో బడికి పోతది."

"దానికి ఇంకో బడి లేదు సార్. మీకు తెలుసు."

"అయితే ఇంటికి పోతది."

"నేను దాని తల మీద చెయ్యి పెట్టి చెప్పాను సార్."

"ఏ చెయ్యి?" అని అధికారి అడుగుతారు, పెన్ను మూత తీస్తూ.

"కుడి చెయ్యి."

"మరి సంతకం ఎడమ చేత్తో పెట్టండి."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో పిల్లలకు ఉదాహరణగా చెప్పేది హైమావతి, ఇప్పుడు తనే అందులో ఇరుక్కుంది. ఉద్యోగం పోతే ఆమెకు ఇంకేం చేతకాదు. లెక్కలు చెప్పడం తప్ప ప్రపంచంలో ఇంకే పనీ నేర్చుకోలేదు. భయమేస్తుంది. ఆ భయం మీద కోపం కూడా వచ్చి కూర్చుంటుంది, మార్గరెట్ మీద కోపం. తను ఇంత నమ్మితే ఏమైంది? తన వెనక ఎవరు నిలబడ్డారు? నమ్మినవాళ్ళు గొంతు కోశాక ఇంకా ఎవరికో ఇచ్చిన మాట పట్టుకుని వేలాడ్డం తన ఒక్కదాని వంతేనా? మోసపోయిన మనిషికి ఇదో సౌకర్యం. ఆ క్షణంలో తను చేసేది మోసమని తోచదు.

ఎడమ చేత్తో సంతకం పెడుతుంది. వంకరగా వచ్చినా పేరు చదవడానికి వస్తుంది.

ముందు మార్గరెట్ పడుతుంది. కాలు మీద వేసిన కాలు అలాగే ఉండగా నేల మీద కూలబడి, "హైమా" అంటుంది, తననే ఎవరో మోసం చేసినట్టు. హైమావతి అటు చూడదు. ఆమె చెవులు వరండా చివర ఉన్నాయి.

అక్కణ్ణుంచి చప్పుళ్ళు వస్తున్నాయి. రోల్ నంబరు వరసలో, ఒకటి పడ్డాక ఒకటి, గోనెసంచుల్ని బండిలోంచి దించుతున్నట్టు. ఎవరూ ఏడవడం లేదు. హైమావతి లెక్క పెడుతుంది. పదిహేడు. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి.

ఇరవై రెండోది రాదు.

ఆమె పరుగెత్తుతుంది.

తొమ్మిది బి లో ఇరవై ఒక్క మంది నేల మీద ఉన్నారు. బెంచీల మీదివాళ్ళు కదలకుండా బోర్డు వైపు చూస్తున్నారు. బోర్డు మీద, మాట్లాడినవాళ్ళ పేర్లుండే చోట, హైమావతి సొంత దస్తూరీతో, సుద్దతో, ఒకే వాక్యం ఉంది. 'నేను ఎవరినీ, ఎన్నడూ, కూర్చోమని చెప్పియుండలేదు.' ఆమె డస్టరు తీసుకుని తుడుస్తుంది. డస్టరు అరిగిపోతుంది గానీ అక్షరం చెరగదు.

నవనీత గోడ దగ్గరే ఉంది. మోకాళ్ళు వంచి, వీపు ఆనించి, అలాగే ఉంది. తొడలు వణుకుతున్నాయి. పెదవి పంటి కింద పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు రెండు వైపులా కారి చుబుకం దగ్గర కలుస్తున్నాయి. హైమావతి వంగి పిల్ల కింద చెయ్యి పెడుతుంది. చెయ్యి ఇటు నుంచి అటు వెళ్ళిపోతుంది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

"లే తల్లీ. పడిపోతావు."

"పడ."

"నా మాట విను నవనీతా. లే."

నవనీత ఆమె వైపు చూస్తుంది. ఆ చూపులో కోపం ఉంటే హైమావతి ఓర్చుకునేది. కోపం లేదు. తప్పు పడ్డ లెక్కను ఎక్కడ తప్పిందా అని చూసినట్టు చూస్తోంది.

"కూసోమననోళ్ళు లే అని ఎట్లంటరు మేడం?"

హైమావతి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

ముందుగా షమీమ్ లేస్తుంది. పావడా దులుపుకుంటుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే వెళ్ళి, వెనక్కి తిరిగి, నవనీత ఒళ్ళో కూర్చుంటుంది. బరువు మీద పడితే తొడలు విరిగిపోతాయేమోనని హైమావతి చెయ్యి చాపుతుంది. విరగవు. వణుకు ఆగిపోతుంది. షమీమ్ ఒళ్ళో చందన కూర్చుంటుంది. చందన ఒళ్ళో లహరిక. పడినవాళ్ళంతా అయ్యాక బెంచీల మీదివాళ్ళు ఒక్కొక్కరే లేచి వస్తారు. ఆఖరున వినూత్న, కొరికిన పంటిగాట్లు ఇంకా మానని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. వరస గుమ్మం దాటుతుంది. వరండాలో ఎనిమిది ఎ పిల్లలు వచ్చి అందుకుంటారు.

తనిఖీ అధికారి టేపు పట్టుకుని ఒడి ఎత్తు కొలుస్తున్నారు. "వీటిని దేని కింద రాయమంటారు?" అని అడుగుతున్నారు. దశరథం సార్ రిజిస్టరు పేజీలు తిప్పుతూనే ఉన్నారు.

హైమావతి వరస వెంట నడుస్తుంది. ఆఖరు ఎక్కడో చూడాలి. ఆఖరున ఉన్న పిల్లతో మాట్లాడాలి, తను కావాలని చేయలేదని చెప్పాలి, మార్గరెట్ ఎలా చేసిందో చెప్పాలి. ఒక్కరు వింటే చాలు. వరస మెట్లు దిగుతుంది, గేటు దాటుతుంది, ఫ్లైఓవర్ కింద బస్సుల పక్కనుంచి సాగుతుంది. బయటికొచ్చాక బడి యూనిఫాంలు ఆగిపోయి పెద్దవాళ్ళ బట్టలు మొదలవుతాయి. తెల్ల కోటు వేసుకున్న నర్సు. బట్టల షాపులో పనిచేసే అమ్మాయి, మెడలో ఇంకా కొలత టేపు ఉంది. ట్రాఫిక్ కానిస్టేబుల్. కడుపుతో ఉన్న ఒకామె, ఆమె ఒళ్ళో కూర్చున్నావిడ జాగ్రత్తగా ముందుకు వంగి కూర్చుంది. హైమావతి వీళ్ళందరినీ పేరు పెట్టి పిలవగలదు. అందరికీ ఒక్కసారైనా గోడకుర్చీ వేయించింది. పంతొమ్మిదేళ్ళ బ్యాచ్‌లు, సంవత్సరం వారీగా ఉన్నాయి.

"సుకన్యా" అంటుంది. "ప్రసన్నా. నేను, హైమావతి మేడాన్ని."

ఎవరూ తల తిప్పరు. వినపడక కాదు. కూర్చున్న పిల్లలు పాఠం వింటున్నంత శ్రద్ధగా ముందుకు చూస్తున్నారు.

ఆమె కాళ్ళు లాగుతున్నాయి. పంతొమ్మిదేళ్ళు నిలబడి పాఠం చెప్పిన కాళ్ళు అవి, ఇప్పుడు చీరకుచ్చెళ్ళ లోపల గజగజ వణుకుతున్నాయి. ఎక్కడైనా సరే, ఒక్క నిమిషం కూర్చుంటే చాలు. ఏడుపొస్తుంది. తనకు అన్యాయం జరిగిందని, అది చూసేవాళ్ళు ఒక్కరూ లేరని, రోడ్డు మీద నడుస్తూనే ఏడుస్తుంది.

వరస మార్కెట్టు దాటాక ముగుస్తుంది. ఆఖరున ఆరేళ్ళ పిల్ల ఉంది. కొత్త యూనిఫాం, పొడుగు చేతులు మణికట్టు మీదికి మడిచి ఉన్నాయి. ఏ బడి పిల్లో హైమావతికి తెలియదు. ఇంకా ఎవరి చేతా ఏ శిక్షా పడని పిల్ల. ఒడి ఖాళీగా ఉంది.

"ఒక్క నిమిషం కూచుంటానమ్మా" అని హైమావతి వెనక్కి తిరుగుతుంది. మోకాళ్ళు వంచుతుంది.

టీచరు వచ్చిందని చూసి, ఆ పిల్ల లేచి నిలబడుతుంది.

చేతులు కట్టుకుని, మర్యాదగా, బళ్ళో నేర్పినట్టే లేచింది. ఆ పిల్ల వెనకున్నావిడ కూడా లేస్తుంది. ఆవిడ వెనకావిడ లేస్తుంది. కడుపుతో ఉన్నామె నడుం పట్టుకుని లేస్తుంది. లేవడం ఒకరి నుంచి ఒకరికి మార్కెట్టు దాటి, ఫ్లైఓవర్ కిందుగా, గేటు వైపు వెళ్తుంది. బస్సుల్లో కూర్చున్నవాళ్ళు లేస్తారు. ఆటోలవాళ్ళు దిగి నిలబడతారు. కూరగాయల గంపల ముందున్నవాళ్ళు, మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్నవాళ్ళు, మిద్దెల మీద, ఆఫీసుల అద్దాల వెనక, అందరూ లేస్తారు. వేల గొంతులు సాగదీసుకుంటూ ఒకే రాగంలో "నమస్తే మేడం" అంటాయి.

ఆమె ఒక్క మాట అంటే వాళ్ళు కూర్చుంటారు. ఆ మాట ఆమె రోజుకు ఏడు పీరియడ్లు, పంతొమ్మిదేళ్ళు అన్నది. నోరు తెరుస్తుంది. నాలుక పైకి లేచి, ఆ మాట ఉండే చోటు తడిమి, ఏమీ దొరక్క మళ్ళీ కిందికి వస్తుంది.

హైమావతి సగం వంగిన మోకాళ్ళతో, వెనక ఎవరూ లేకుండా, రోడ్డు మధ్యలో ఉంది. నగరం మొత్తం చేతులు కట్టుకుని నిలబడి ఆమె నోటి వైపు చూస్తోంది.